పళ్ళ చేపలు, ముళ్ళ చేపలు: చేతికీ చేపకూ హాని లేకుండ పట్టి విడుచు విధము

వరంగల్లు ప్రాంతము చెరువులకు పుట్టినిల్లు. కాకతీయుల కాలమున వెలసిన పాఖాల, రామప్ప, లక్నవరము వంటి పెద్ద చెరువులు నేటికిని మన పొలములకు నీరందించుచున్నవి. ఇవి గాక ప్రతి గ్రామమునకు ఒకటో రెండో చెరువులును, వాటి క్రింద కుంటలును కలవు. చెరువు వరిని మాత్రమే పండించదు. చేపలను గూడ పండించును. పొలము పంటకు విత్తనము ఎంత ముఖ్యమో, చెరువు పంటకు తల్లి చేప అంత ముఖ్యము.

మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినవలెనను ఆచారము మన ప్రాంతమున బలముగా కలదు. తొలకరి వానలు కురిసి, వాగులు పారి, చెరువులు మత్తడి దుంకునప్పుడు చేపలు నీటికి ఎదురెక్కి వచ్చును. అప్పుడు పిల్లలు, పెద్దలు గాలములతోను, వలలతోను, వట్టి చేతులతోను చేపలు పట్టుటకు మత్తడి వద్ద గుమిగూడుట ఏటేట చూచుచున్నదే. అయితే ఆ దినములలో ఎదురెక్కు చేపలలో పెక్కింటి కడుపున గ్రుడ్లుండును. గ్రుడ్లు పెట్టుటకై అనువైన చోటు వెదకుకొనుచు అవి పైకి వచ్చును.

ఇందువలన రెండు విధములైన నష్టములు కలుగుచున్నవి. మొదటిది చేతికి. వాలుగ పళ్ళు గీరుకొనినను, ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొనినను, నాట్లు వేయవలసిన దినములలో చేయి వాచి మనిషి మూలపడును. రెండవది చెరువునకు. పనికిరాదనియో, చిన్నదనియో, గ్రుడ్లతో నున్నదనియో మంచి మనసుతో విడిచిన చేప కూడ, పట్టిన తీరు సరిగా లేనిచో, నీటిలో పడిన కొంత సేపటికో, కొన్ని దినములకో చచ్చును. చేపను నీటిలోనికి విసరినంత మాత్రమున విడిచినట్లు కాదు. అది బ్రతికి మరల గ్రుడ్లు పెట్టినప్పుడే విడిచినట్లు. ఈ పని ఎట్లు చేయవలెనో ఈ వ్యాసమున వివరింపబడినది.

ఏ చేపకు ఏ ఆయుధము కలదు?

చేపను పట్టుటకు ముందు దాని ఆయుధము ఎక్కడ నున్నదో తెలిసికొనవలెను.

వాలుగ: దీని నోరు మిక్కిలి పెద్దది, నోటి చీలిక కంటిని దాటి వెనుకకు పోవును. పై దవడ, క్రింది దవడలపై చిన్న చిన్న మొనదేలిన పళ్ళు ఆకురాయి వలె వెడల్పుగా పరచుకొని యుండును. అవి లోపలి వైపునకు వంగి యుండుటచే, లోనికి పోయిన చేయి సులభముగా వెలుపలికి రాదు. గుంజిన కొలది చర్మము చీలును. ఒంటికి పొలుసులు లేవు. ఇతర చేపలను తిని బ్రతుకును. రాత్రివేళ ఎక్కువగా తిరుగును. మీటరుకు మించి పెరుగగలదు.

కొర్రమీను: మన ప్రాంతమున దీనినే కొర్రమట్ట యందురు. 2016లో ఇది తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటింపబడినది. పాము తలను బోలిన తల, గట్టి దవడలు, వాడియైన పళ్ళు దీనికి కలవు. పిల్లలను కాచుచున్న సమయమున దగ్గరకు వచ్చిన దానిపైకి దూకును. చేతిలో బలముగా తన్నుకొని జారిపోవును.

ఇంగిలాయి: కొన్ని చోట్ల దీనిని ఇంగ్లికమని యందురు. దీని పళ్ళకు భయపడ నక్కరలేదు. తలకు వెనుక ఇరువైపుల నుండు రెక్కలకు చెరియొక ముల్లు కలదు. ఆ ముల్లునకు విషమున్నది. గ్రుచ్చుకొనిన వెంటనే మంట, నొప్పి, వాపు కలుగును. చేప చచ్చిన తరువాత కూడ ముల్లు ప్రమాదకరమైనదే.

జెల్లలు, మార్పులు: జెల్లకు ఇరుప్రక్కల రెక్కలందును, వీపు రెక్కయందును రంపపు పళ్ళుగల ముళ్ళుండును. అవి వలలోను, గుడ్డలోను, చేతిలోను చిక్కుకొనును. మార్పునకు ప్రక్క రెక్కలలో ముళ్ళు కలవు.

గాలము విషయములో జాగ్రత్త

పట్టిన చేపను విడుచు అలవాటు పరదేశములందు గాలపు వేటగాండ్రలో బాగుగా వ్యాపించినది. అమెరికా మొదలగు దేశముల సముద్ర తీరములందు, ఈకలతోను వెంట్రుకలతోను చిన్న చేపవలె కట్టిన కృత్రిమపు ఎరను గాలమునకు చుట్టి, బరకుడా వంటి పళ్ళ చేపలను పట్టి, మరల నీటిలో విడిచెదరు. మన కోస్తా తీరమున దొరకు వంజరము కూడ అట్టి వాడి పళ్ళ చేపయే. ఉప్పునీటి చేపలకై వారు పాటించు పద్ధతులలో కొన్ని మన మంచినీటి వాలుగకు, కొర్రమీనుకు గూడ చక్కగా సరిపోవును. ఖర్చు కూడ స్వల్పము.

1. గాలము కొనకు కొంచెము వెనుకగా ఒక ఎదురుముల్లు ఉండును. దానిని పట్టకారుతో నొక్కి అణచివేయవలెను. తాడు బిగువుగా నుంచినంత కాలము చేప తప్పించుకొనదు. గాలము తీయునప్పుడు మాత్రము దవడ చినుగక సులభముగా వచ్చును. గాలము మన చేతికే గ్రుచ్చుకొనినను ఈ మేలు కనబడును.

2. పళ్ళ చేపలున్న చోట గాలమునకు దగ్గరగా జానెడు పొడవున సన్నని ఉక్కు తీగ కట్టవలెను. వట్టి నైలాను దారము పళ్ళ రాపిడికి తెగును. చేప గాలమును నోట నుంచుకొని పోవును.

3. ఒక తాడునకు ఒక గాలమే చాలును. మూడు కొనల గాలము వాడిన ఒక కొన చేప నోటిలోను, వేరొక కొన చేతిలోను దిగు ప్రమాదము కలదు.

4. తాడు బలమైనదిగా నుండవలెను. సన్నని తాడుతో చేపను చాల సేపు ఆడించిన అది పూర్తిగా అలసిపోవును. అట్లు అలసిన చేప విడిచిన తరువాత కోలుకొనుట కష్టము.

5. గాలమును రాత్రియంతయు నీటిలో వదలి పోరాదు. కనిపెట్టి యుండి, బెండు మునిగిన వెంటనే లాగినచో గాలము పెదవికే తగులును. ఆలస్యమైన కొలది చేప దానిని కడుపులోనికి మ్రింగును.

గట్టుపైకి ఈడ్వరాదు

చేపను నీటి అంచుననే, వీలైనచో చేతివలలో నుంచి, నీటిలోనే గాలము తీయుట ఉత్తమము. ఎండకు కాగిన గట్టుమీదికి, ఇసుకలోనికి, గడ్డిలోనికి ఈడ్చుట మన వారికి వాడుక. దాని వలన కలుగు హాని వెంటనే కంటికి కనబడదు. చేప ఒంటిపై నుండు జిగురు దానికి కవచము. ఆ జిగురు ఊడిన చోట బూజు, పుండు చేరును. 1988లో మన దేశమున కనిపించిన పుండ్ల వ్యాధి కొర్రమీను జాతిని మిక్కిలిగా పీడించినది. చర్మము గీరుకొని పోయిన చేపకు ఇట్టి వ్యాధి సులభముగా సోకును. వాలుగకు పొలుసులే లేవు కనుక దాని విషయమున మరింత శ్రద్ధ అవసరము.

కావున ఈ నియమములు గుర్తుంచుకొనవలెను:

చేతులను ముందుగా నీటిలో తడుపవలెను. పొడి చేతితోను, పొడి గుడ్డతోను చేపను పట్టరాదు. గోనెసంచి పనికిరాదు. చేతికి తొడుగు వాడదలచినచో మెత్తనిది, తడిపినది వాడవలెను.

నోటిలో వ్రేలు పెట్టరాదు. గాలము తీయుటకు పొడవైన ముక్కుగల పట్టకారు ఉపయోగించవలెను. చేయి ఎల్లప్పుడును దవడకు వెనుక నుండవలెను. చేప చచ్చినట్లు కదలక యున్నను నమ్మరాదు. ఒక్కసారిగా తల త్రిప్పును.

మొప్పలలో వ్రేళ్ళు దూర్చి పట్టరాదు. మనకు ఊపిరితిత్తు లెట్టివో చేపకు మొప్ప లట్టివి. ఎర్రని ఆ దువ్వెన పళ్ళ వంటి భాగములు మిక్కిలి సున్నితమైనవి; తెగినచో నెత్తురు కారి చేప చచ్చును. కండ్లు నొక్కి పట్టుట కూడ కూడదు.

పెద్ద చేపను దవడ పట్టి నిలువుగా వ్రేలాడదీయరాదు. నీటిలో దాని బరువును నీరే మోయును. గాలిలో ఆ బరువంతయు దవడపై, వెన్నుపై పడును. ఒక చేయి తోక మొదట, వేరొక చేయి పొట్ట క్రింద ముందు భాగమున నుంచి అడ్డముగా పట్టవలెను. గ్రుడ్లున్న తల్లి చేప పొట్టను నొక్కరాదు.

జెల్లను, మార్పును, ఇంగిలాయిని వట్టి చేత పట్టకపోవుటే మేలు. చేతివలలోనే యుంచి, పట్టకారుతో గాలమును పట్టుకొని తలక్రిందుగా త్రిప్పినచో చేప తన బరువుకే జారి నీటిలో పడును.

గాలము గొంతు దాటి లోపలికి పోయినచో గుంజరాదు. నోటికి వీలైనంత దగ్గరగా తాడును కత్తిరించి విడువవలెను. మామూలు ఇనుప గాలము కాలక్రమమున త్రుప్పుపట్టి పోవును. గుంజినచో ప్రేగులు చినిగి చేప తప్పక చచ్చును.

వీటన్నిటికి పట్టు కాలము ఎంత? దీనికి సులభమైన కొలత యున్నది. చేప నీటి నుండి వెలుపలికి వచ్చిన క్షణమున మీరును ఊపిరి బిగబట్టుడు. మీకు ఊపిరి ఆడక ఇబ్బంది కలుగుటకు ముందే చేప నీటిలో నుండవలెను.

కొర్రమీను వేరు, వాలుగ వేరు

విడుచు విధము అన్ని చేపలకు ఒకటి కాదు. ఈ భేదము తెలియక పెక్కు కొర్రమీనులు నష్టమగుచున్నవి.

వాలుగ, రవ్వ, బొచ్చె వంటి చేపలు నీటిలో కరగియున్న ప్రాణవాయువును మొప్పలతో తీసికొనును. అలసిన వాలుగను విడుచునప్పుడు దానిని నీటిలో నిటారుగా, వీపు పైకి పొట్ట క్రిందికి నుండునట్లు పట్టుకొనవలెను. పారు నీరైనచో తల నీరు వచ్చు దిక్కునకు త్రిప్పవలెను. నోటినుండి నీరు పోయి మొప్పల గుండ వెలుపలికి వచ్చుచుండును. తోకతో బలముగా తోసికొని తనంతట తాను పోవు వరకు వదలరాదు. ముందుకు వెనుకకు ఊపుట మంచిది కాదు. వెనుకకు లాగినప్పుడు నీరు మొప్పలలో ఎదురు తిరుగును.

కొర్రమీను అట్లు కాదు. దాని తలలో మొప్పలకు పైన గాలి పీల్చుటకు ప్రత్యేకమైన అర కలదు. అందుచేతనే అది తడి నేలపై ప్రాకి ఒక మడి నుండి వేరొక మడికి పోగలదు. బురదలో వేసవిని గడుపగలదు. కాని ఈ శక్తికి ఒక వెల యున్నది. అది అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలి మ్రింగి తీరవలెను. పైకి రానీయక నీటిలోనే అదిమి పట్టినచో చేపయై యుండియు మునిగి చచ్చును. నీటి అడుగున చిక్కిన వలలో కొర్రమీను చచ్చియుండుటకు కారణ మిదియే. కావున కొర్రమీనును విడుచునప్పుడు లోతు నీటిలో అదిమి పట్టక, లోతు తక్కువగా నుండి గడ్డియున్న అంచున నీటిలోనికి జార్చి, తల పైకెత్తుటకు వీలు కల్పించవలెను. వల వేసినవారు దానిని తరచుగా చూచుచుండవలెను. మార్పు, ఇంగిలాయిలు కూడ గాలి పీల్చు చేపలే.

ఎండ వేళ మరింత జాగ్రత్త అవసరము. నీరు వేడెక్కిన కొలది దానిలో ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు పట్టగా, 30 డిగ్రీల నీటిలో సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే పట్టును. వేసవిలో అడుగంటిన చెరువున మధ్యాహ్నము పట్టి విడిచిన వాలుగ బ్రతుకుట కష్టము. విడువదలచినవారు ఉదయము చల్లని వేళ పట్టుట మంచిది.

ఏ చేపలను విడువవలెను?

పిల్లలను కాచు కొర్రమీను: వానాకాలమున చెరువు అంచున, గడ్డి నడుమ ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా నీటిపై తేలుచు, మునుగుచు తిరుగుట రైతులు చూచియే యుందురు. వాటి క్రింద తల్లిదండ్రులు కావలి కాయుచుండును. అట్టి గుంపున గాలము వేసిన పెద్ద చేప సులభముగా పట్టుబడును. ఎర కొరకు కాక, పిల్లలను రక్షించుటకే అది గాలముపైకి దూకును. దానిని తీసిన పిమ్మట ఇతర చేపలు, కప్పలు, పక్షులు ఆ గుంపును స్వల్ప కాలములోనే తినివేయును. ఒక చేప కూరకై వందల చేపలను పోగొట్టుకొనుట యగును. పొరపాటున పట్టుబడినచో పిల్లల గుంపు ఉన్న చోటనే వెంటనే విడువవలెను. దూరమున విడిచిన ఫలము లేదు.

గ్రుడ్లతో నున్న వాలుగ: ఇది వాన రాకతో గ్రుడ్లు పెట్టును. 2019లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఈ చేపను ముప్పునకు గురియగు జాతులలో చేర్చినది. మత్తడి వద్ద, వాగులందు దొరకు బరువైన పొట్టగల వాలుగను విడుచుట మేలు.

చిన్న చేపలు: ఒక అడుగు పొడవైనను లేని కొర్రమీను సాధారణముగా ఒక్కసారి యైనను గ్రుడ్లు పెట్టియుండదు. ఒక ఏడు ఆగినచో బరువు పెరుగును, వెల పెరుగును, సంతానము కూడ మిగులును.

విడువరాని చోట్లు, విడువరాని చేపలు

ఎచ్చట పట్టితిరో అచ్చటనే విడువవలెను. ఒక చెరువు చేపను వేరొక చెరువున వేయుట వలన వ్యాధులు వ్యాపించును. చేప పిల్లలను పెంచుచున్న కుంటలోనికి వాలుగను, కొర్రమీనును వదలుట కోళ్ళ గూటిలోనికి పిల్లిని వదలుట వంటిది. రవ్వ, బొచ్చె పిల్లలను వేయుటకు ముందు అట్టి కుంటలనుండి ఈ వేట చేపలను తీసివేయవలెను. ప్రభుత్వ పథకము క్రింద నిండుగా నీరుండు చెరువులలో 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను వేయుటకు ఒక కారణము, పెద్ద పిల్లలు వేట చేపల నోటి నుండి తప్పించుకొనగలుగుటయే.

ఆఫ్రికా మార్పు దొరకినచో మరల నీటిలో విడువరాదు. దీని పెంపకము మన దేశమున నిషేధింపబడినది. ఇది నాటు చేపలను, వాటి పిల్లలను తినివేయును. నాటు మార్పుకంటె చాల పెద్దదిగా, మీటరుకు మించియు పెరుగును. అనుమానము కలిగినప్పుడు మత్స్యశాఖ ఉద్యోగులకు చూపవలెను.

గాయమైనప్పుడు చేయవలసినది

పళ్ళు గీరుకొనిన గాయమును వెంటనే శుభ్రమైన నీటితో, సబ్బుతో ధారాళముగా కడుగవలెను. నెత్తురు కారుచున్నచో శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషములు అదిమి పట్టవలెను. సున్నము, పొగాకు, పేడ, మట్టి పూయరాదు. చెరువు నీటి సూక్ష్మజీవులు అట్టి గాయమున చేరి చీము పట్టించును. మధుమేహమున్న వారు చిన్న గీతను గూడ నిర్లక్ష్యము చేయరాదు. గాయము మానువరకు మడి బురదలో దిగకుండుట మంచిది.

ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొనినప్పుడు వేడినీరే మొదటి మందు. దాని విషము వేడికి చెడును. చేయిని గాని, కాలిని గాని ఓర్చుకొనగల వేడినీటిలో 30 నుండి 90 నిమిషములు ఉంచవలెను. నీటి వేడి 45 డిగ్రీలకు మించరాదు. వేడిని గాయము లేని చేతితో పరీక్షించవలెను. కుట్టిన చేయి మొద్దుబారి యుండుటచే కాలినను తెలియదు. కత్తితో కోయుట, నోటితో పీల్చుట, తాడుతో బిగించి కట్టుట హానికరములు. ముల్లు విరిగి లోపల నున్నచో వైద్యునిచే తీయించవలెను.

గాలము చేతిలో లోతుగా దిగినచో బలవంతముగా లాగక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. కంటికి దగ్గరగా దిగినచో అసలు తాకరాదు. ఈ గాయము లన్నింటికిని ధనుర్వాతపు సూది అవసరమా యని వైద్యుని అడుగవలెను. వాపు పైకి ప్రాకుచున్నను, జ్వరము వచ్చినను, ఊపిరి కష్టమైనను ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను.

గ్రామ పెద్దలు, ఉద్యోగులు చేయదగిన పని

తొలకరికి ముందే పంచాయతీ కార్యదర్శులు, మత్స్య సహకార సంఘములవారు కలిసి మాటలాడుకొని, తమ చెరువున ఏ దినములలో మత్తడి వద్ద వేట ఆపవలెనో నిర్ణయించి చాటింపు వేయించుట మంచిది. చెరువుపై హక్కుగల సంఘము అంగీకరించిన నియమమునే గ్రామస్థులు పాటింతురు. బడి పిల్లలకు ఎర్రని పిల్లల గుంపును చూపి, దానిక్రింద తల్లిదండ్రులున్నవని చెప్పిన చాలును. వారు ఇంటివద్ద పెద్దలకు చెప్పెదరు.

దీనికి కావలసిన సామగ్రి స్వల్పము: ఒక పట్టకారు, ఒక చేతివల, జానెడు ఉక్కు తీగ, తడిపిన చేతులు. విత్తనపు గింజను ఆకలి వేసినను రైతు తినడు. చెరువులోని తల్లి చేప కూడ అట్టి విత్తనమే. ఈ వానాకాలమున గాలము పట్టు ప్రతి రైతు సోదరుడు తన చేతిని కాపాడుకొనుచు, ఆ విత్తనమును ప్రాణముతో చెరువునకు తిరిగి అప్పగించునని ఆశించుచున్నాము.